పొడవు కోసం వెడల్పు కొనకండి

ప్రశ్న: నా వయసు 29. ఎత్తు 190 సెంటీమీటర్లు, అంటే ఆరడుగుల మూడంగుళాలు. బరువు 70 కిలోలు. ఛాతీ 38, నడుము 30 అంగుళాలు. ఇన్నాళ్లూ సూటుతో పని పడలేదు. ఇప్పుడు చేరబోయే ఉద్యోగంలో అది తప్పదు, మూడు నెలల గడువుంది. మొదట 38 సైజు ‘స్లిమ్ ఫిట్’ వేసి చూశాను. ఒంటికి బాగానే పట్టింది కానీ చేతులు మణికట్టుకు పైనే ఆగిపోయాయి, కోటు పిరుదుల దాకా కూడా రాలేదు. చేతుల పొడవు కోసం 42 కొన్నాను. ఇంట్లో వేసుకుంటే హ్యాంగరుకు తగిలించినట్టు ఉందని అందరూ నవ్వారు. టైలరుకు ఇచ్చి బిగించమంటే, ఇంత తీస్తే కోటు పాడవుతుందని వెనక్కి ఇచ్చేశాడు. నాలాంటివాళ్లకు రెడీమేడ్ సూటు దొరకదా? కుట్టించుకోవడమే మార్గమా? సరిపోయిందో లేదో అద్దం ముందు ఎలా తేల్చుకోవాలి? మొదటి సూటు నలుపు తీసుకోవాలా, నీలమా?

సమాధానం: మీ టైలరు మంచివాడు, ఆయన్ను వదులుకోకండి. ముందు ముందు చాలా అవసరపడతాడు. డబ్బు తీసుకుని నాలుగు కుట్లు వేసి ఇచ్చేవాళ్లు ఎక్కువ, ఇది బాగుపడదని చెప్పి పని వదులుకునేవాళ్లు తక్కువ. ఆయన చెప్పింది నిజమే. 42 కోటును నడుము దగ్గర ఎంత బిగించినా దాని భుజాలు, చంకలు, ఛాతీ ముందు భాగం 42 సైజులోనే ఉంటాయి. మధ్యలో మాత్రం నొక్కినట్టయి కింద అంచు గొడుగులా విచ్చుకుంటుంది. వాపసు తీసుకుంటారేమో కనుక్కోండి. తీసుకోకపోతే ఆ సైజు మనిషికెవరికైనా ఇచ్చేయండి. దాన్ని బాగు చేయించడానికి ఇక ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

రెండు కోట్లూ రెండు రకాలుగా చెడ్డట్టు కనిపించినా, వాటి వెనక ఉన్న చిక్కు ఒకటే. సూటు మీద రాసే 38, 40, 42 అంకెలు ఛాతీ చుట్టుకొలతను మాత్రమే చెబుతాయి. మనిషి ఎంత పొడుగో ఆ అంకెకు తెలియదు. అది చెప్పేది పక్కనే ఉండే మాట: షార్ట్, రెగ్యులర్, లాంగ్, కొన్ని చోట్ల ఎక్స్‌ట్రా లాంగ్. సుమారుగా 5 అడుగుల 8 అంగుళాల నుంచి 5 అడుగుల 11 అంగుళాల వరకు రెగ్యులర్, ఆరడుగుల నుంచి ఆరడుగుల మూడంగుళాల వరకు లాంగ్, ఆపైన ఎక్స్‌ట్రా లాంగ్. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది. రెగ్యులర్ నుంచి లాంగ్‌కు మారితే కోటు పొడవు అంగుళం నుంచి అంగుళంన్నర దాకా, చేతులు ఇంచుమించు అంగుళం పెరుగుతాయి. రెగ్యులర్‌లోనే ఉండి 38 నుంచి 42కు వెళితే ఛాతీ నాలుగు అంగుళాలు పెరుగుతుంది, చేతులు సాధారణంగా అంగుళం లోపే. మీరు కుదుర్చుకున్న బేరం అదీ. అంగుళం పొడవు దొరకలేదని నాలుగు అంగుళాల వెడల్పు కొన్నారు.

మీరు అడగవలసింది 38 లాంగ్. మీ ఎత్తు సరిగ్గా అంచు మీద ఉంది కాబట్టి 38 ఎక్స్‌ట్రా లాంగ్ కనిపిస్తే అదీ వేసి చూడండి. ఇక్కడే అసలు తిప్పలు మొదలవుతాయి. చాలా దుకాణాలు లాంగ్ సైజులను 40 నుంచి మొదలుపెడతాయి, పొడుగ్గా ఉన్నవాడు లావుగానూ ఉంటాడని వాళ్ల నమ్మకం. పొడుగువాళ్ల కోసమే అని బోర్డు పెట్టిన దుకాణాల్లో కూడా సరుకు ఎక్కువగా భారీ శరీరాలకే ఉంటుంది. కాబట్టి దుకాణాలు తిరిగి కాళ్లు నొప్పి పుట్టించుకునే ముందు ఫోను చేసి ‘38 లాంగ్ ఉందా’ అని ఒక్క ముక్క అడగండి. ‘వచ్చి చూడండి సార్, అన్నీ ఉన్నాయి’ అన్నారంటే లేదని అర్థం.

యూరప్ కొలతల్లో మీ సైజు 48, అంటే అంగుళాల అంకెకు పది కలుపుకోవాలి. జర్మన్ పద్ధతిలో కుట్టే కంపెనీల్లో పొడుగ్గా, సన్నగా ఉన్నవాళ్లకు విడిగా ఒక వరుసే ఉంది: 90, 94, 98, 102 అంటూ వెళుతుంది. 94 అంటే భయపడనక్కర్లేదు. 48కి దగ్గరి ఛాతీతో, పొడవైన చేతులతో, పొడవైన ఒంటితో, సన్నని నడుముతో కత్తిరించిన కోటు అది. మీలాంటివాళ్లలో చాలామందికి ఈ వరుస ఉన్నట్టే తెలియదు. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు ఈ అంకెతోనూ వెతకండి.

ఇప్పుడు ప్యాంటు. కోటు, ప్యాంటు జతగా అమ్మే సూట్లలో ఛాతీకీ నడుముకూ మధ్య ఆరంగుళాల తేడా పెట్టుకుని కుడతారు. ఈ తేడాను డ్రాప్ అంటారు. 38 కోటుతో 32 ప్యాంటు వస్తుంది. మీకు కావలసింది 30, అంటే మీ డ్రాప్ ఎనిమిది. రెండంగుళాలు లోపలికి తీయడం మంచి టైలరుకు సాధ్యమే, కానీ అక్కడితో హద్దు. అంతకు మించితే వెనక జేబులు ఒకదానికొకటి దగ్గరికి జరిగి, సీటు భాగం కుదించుకుపోతుంది. మీ 42 సూటుతో వచ్చిన 36 ప్యాంటును 30కి తేవడం ఎందుకు కుదరదో ఇప్పుడు తెలిసింది కదా. ఏడు లేదా ఎనిమిది డ్రాప్‌తో కుట్టే కంపెనీలున్నాయి. అంతకంటే సులువైన దారి, కోటునూ ప్యాంటునూ ఒకే గుడ్డతో కుట్టి విడివిడిగా అమ్మే చోట కొనడం. మీ ఒంటితీరుకు ముందు వెతకవలసింది అలాంటి చోటే.

మీ ఉత్తరం చదువుతుంటే, మీ శరీరంలోనే ఏదో లోపం ఉన్నట్టు మీరు అనుకుంటున్నారని అనిపించింది. ఒక సంగతి చెబుతాను. 1950లో అమెరికా వైమానిక దళం 4,063 మంది పైలట్ల శరీరాలను కొలిపించింది, విమానంలో కూర్చునే చోటును సగటు మనిషికి సరిపోయేలా తయారు చేద్దామని. ఆ లెక్కలను పరిశీలించిన గిల్బర్ట్ డేనియల్స్ ఎత్తు, ఛాతీ, చేతి పొడవు లాంటి పది కొలతలు తీసుకుని, పదింటిలోనూ సగటుకు దగ్గరగా ఉన్నవాళ్లెందరో చూశారు. ఒక్కరూ లేరు. రెడీమేడ్ కోటు కూడా అలాంటి లేని మనిషి కోసమే కుట్టింది. పొట్టివాళ్లకు, బొజ్జ ఉన్నవాళ్లకు, వ్యాయామంతో ఛాతీ పెంచినవాళ్లకు ఇదే ఏడుపు ఉంటుంది. మీకు తేడా చేతుల దగ్గర కొట్టొచ్చినట్టు కనబడుతుంది, అంతే.

అయితే పొడుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే ఒక ఇబ్బంది ఉంది. అది చేతుల పొడవు కాదు, దాన్ని చాలామంది గమనించరు కూడా. కోటుకు ఒక నడుము ఉంటుంది. పక్క కుట్లు అన్నిటికంటే లోపలికి వంగే చోటు అది, మూసే గుండీ కూడా ఆ ప్రాంతంలోనే ఉంటుంది. రెండు గుండీల కోటులో పై గుండీ బొడ్డు దగ్గర, లేదా ఒకటి రెండు వేళ్ల పైన ఉండాలి. 38 రెగ్యులర్ మీ ఒంటి మీద ఉన్నప్పుడు కోటు నడుము మీ పక్కటెముకల మీదికి వచ్చింది. అసలు నడుము ఉన్న చోట అంచు విచ్చుకోవడం మొదలైంది. గుండీ పైకి పోయింది, దాని కింద చొక్కా, బెల్టు త్రికోణంలా బయటపడ్డాయి. కోటు పొట్టిగా ఉందని మీకు అనిపించడానికి సగం కారణం కింద అంచు కాదు, ఈ గుండీయే. లాంగ్ సైజులో కింద నాలుగు వేళ్ల గుడ్డ అతికించి వదిలేయరు. నడుమును, గుండీని, జేబులను అన్నిటినీ కిందికి దించి కత్తిరిస్తారు. ఏ టైలరూ తర్వాత ఈ పని చేయలేడు. కాజా ఒకసారి కోసిన తర్వాత దాన్ని జరపడానికి వీల్లేదు.

అద్దం ముందు ఏం చూడాలో అడిగారు. మొదట భుజాలు. కోటు భుజం కుట్టు మీ భుజం ఎముక చివర ఆగాలి. దాటితే చేయి పైభాగంలో గుంట పడి గుడ్డ వేలాడుతుంది, చాలకపోతే చేయి అక్కడ ఉబ్బి కనిపిస్తుంది. గోడకు భుజం ఆనించి నిలబడండి. చేతి కంటే ముందు కోటు భుజమే గోడకు తగిలి నలిగితే అది మీకు పెద్దది. భుజం కుదరని కోటును అక్కడే వదిలేయండి, మిగతావి చూడనక్కర్లేదు. భుజాలు సరిచేయడమంటే కోటు చేతులు ఊడదీసి మళ్లీ ఎక్కించడం, దానికయ్యే ఖర్చు చూస్తే కొత్త కోటు నయమనిపిస్తుంది.

తర్వాత మెడ వెనక. కోటు కాలరు చొక్కా కాలరును అంటిపెట్టుకుని ఉండాలి, మధ్యలో సందు కనిపించకూడదు. ఇది మీరు స్వయంగా చూసుకోలేరు, తోడు వచ్చినవాళ్లను పక్క నుంచి ఫోటో తీయమనండి. పొడుగ్గా ఉన్నవాళ్లలో చాలామందికి చిన్నప్పటి నుంచి ఎదుటివాళ్లతో మాట్లాడటానికి వంగీ వంగీ భుజాలు ముందుకు వాలి, వీపు పైభాగం కాస్త గుండ్రమవుతుంది. కోటును నిటారుగా నిలబడే మనిషికి కత్తిరిస్తారు. వీపు గుండ్రంగా ఉంటే దాని మీదుగా ఎక్కి దిగడానికి వెనక గుడ్డ చాలదు, అందుకే కాలరు మెడను వదిలి వెనక్కి జారుతుంది. కాలరు ఊడదీసి కొంతవరకు సరిచేయవచ్చు. సందు వేలెడు వెడల్పు ఉంటే మాత్రం మరో కోటు చూసుకోండి. ఇదంతా చదివి, ట్రయల్ గదిలో సైనికుడిలా ఛాతీ విరుచుకుని నిలబడకండి. కోటు ఆ రెండు నిమిషాల మనిషికి సరిపోయి, రోజంతా ఆఫీసులో తిరిగే మనిషికి సరిపోకుండా పోతుంది.

చంక భాగం గురించి దుకాణంలో ఎవరూ చెప్పరు. సన్నని చేతులున్నవాళ్లకు అది ఎంత పైకి ఉంటే అంత మంచిది. ఎదుటివాళ్లతో కరచాలనం చేస్తున్నట్టు చేయి చాచండి, తర్వాత బస్సులో కమ్మీ పట్టుకున్నట్టు పైకెత్తండి. చేయి మాత్రమే లేచి కోటు ఇంచుమించు ఉన్నచోటే ఉంటే చంక సరిగ్గా ఉన్నట్టు. చేతితో పాటు కోటంతా లేచి భుజం మెడ దగ్గర కుప్పపడితే చంక కిందికి ఉంది. మీ 42లో ఇది తప్పకుండా జరుగుతుంది. చంకను పైకి తేవడం ఎవరి వల్లా కాదు, అక్కడ గుడ్డే ఉండదు.

గుండీ పెట్టినప్పుడు దాని చుట్టూ గుడ్డ నాలుగు వైపులా లాగినట్టు గీతలు పడితే బిగువు. గుండీకీ పొట్టకూ మధ్య పిడికిలి పెడితే సరిగ్గా పట్టాలి. రెండు పిడికిళ్లు పడితే వదులు, కానీ ఆ వదులును తీసేయవచ్చు. కోటు పొడవు పిరుదులను కప్పాలి. మెడ వెనక కాలరు కుట్టు నుంచి నేల దాకా కొలిచి సగం చేస్తే వచ్చే చోట అంచు ఆగడం పాత లెక్క, ఇప్పటికీ మంచి లెక్కే. ముడిచిన వేళ్లలో కోటు అంచు ఇమడాలని ఇంకో సూత్రం చెబుతారు. మీకది పనికిరాదు, చేతులు పొడుగు కాబట్టి కోటు మోకాళ్ల వైపు వెళ్లిపోతుంది.

చేతులు మణికట్టు ఎముక దగ్గర ఆగాలి, కింద నుంచి చొక్కా ఒక సెంటీమీటరు, ఒకటిన్నర కనిపించాలి. అర అంగుళం, ముప్పావు అంగుళం తక్కువైందని మంచి కోటును వదులుకోకండి. చేతి అంచు లోపల మడతలో ఎంత గుడ్డ వదిలారో వేళ్లతో తడిమి చూస్తే తెలుస్తుంది. సాధారణంగా అంగుళం, ఒక్కోసారి అంగుళంన్నర దాకా పొడిగించవచ్చు. ఒక్క షరతు: చేతి చివర గుండీలకు నిజంగా తెరుచుకునే కాజాలు ఉండకూడదు. ఖరీదైన కోట్లలో అలా కోసి ఉంచడం గొప్పగా చెప్పుకుంటారు. కోసిన కాజాను కిందికి జరపలేరు కాబట్టి మీకు అది గొప్ప కాదు, అడ్డంకి. గుండీలు ఊరికే అతికించినట్టున్న కోటే మీకు మేలు.

టైలరు చేతిలో ఏముంది, ఏది లేదు అనే లెక్క ఇప్పటికే సగం వచ్చేసింది. నడుము రెండంగుళాల దాకా బిగించడం, చేతులు సన్నం చేయడం, వాటి పొడవు కాస్త మార్చడం, ప్యాంటు నడుమూ కాళ్లూ సవరించడం ఆయన పని. భుజాలు, చంకలు, గుండీ చోటు, కోటు పొడవు, ప్యాంటు సీటు లోతు దుకాణంలోనే సరిపోవాలి. అందుకే నడుము దగ్గర కాస్త వదులుగా ఉన్న 38 లాంగ్ మీకు నడుము దగ్గర అచ్చంగా సరిపోయే 38 రెగ్యులర్ కంటే ఎన్నో రెట్లు మంచి కొనుగోలు. దుకాణదారుడు రెండోదాన్నే పొగుడుతాడు, ఎందుకంటే అతని దగ్గర ఉన్నది అదే.

‘స్లిమ్ ఫిట్’ అనే చీటీ గురించి కూడా చెప్పాలి. దానికి అందరూ ఒప్పుకున్న కొలత అంటూ ఏదీ లేదు. ఒక కంపెనీ స్లిమ్ ఇంకో కంపెనీ రెగ్యులర్ కంటే వదులుగా ఉండవచ్చు. చాలాసార్లు స్లిమ్ అంటే సన్నం చేయడంతో పాటు పొట్టిగానూ కత్తిరించడం, లాపెల్‌ను, అంటే కాలరు నుంచి ఛాతీ మీదికి మడిచి ఉండే పట్టీని, సన్నగా చేయడం, ప్యాంటు పట్టీ కిందికి దించడం. ఈ మూడూ మీకు నష్టమే. సన్నగా ఉన్నవాళ్లు ఒంటికి అతుక్కుపోయే బట్టలు వేసుకుంటే సన్నదనం మరింత కనబడుతుంది. గుడ్డ ఎముకల మీద పరుచుకోకుండా భుజాల నుంచి జారినట్టు పడాలి. కోటు లోపల గాలి ఆడేంత చోటు ఉండాలి. 38 ఛాతీకి కోటు చుట్టుకొలత 41 నుంచి 42 అంగుళాలు ఉండటం మామూలే. ఆన్‌లైన్‌లో కొంటే సైజు పేరు చూడకుండా, కొలతల పట్టికలో ఛాతీ, భుజాల వెడల్పు, వెనక పొడవు, చేతి పొడవు నాలుగూ చూడండి. పట్టిక లేని చోట కొనకండి.

ప్యాంటు విషయంలో నా పట్టుదల ఒక్కటే: నడుం పట్టీ నిజంగా నడుము మీద, బొడ్డుకు కాస్త కింద కూర్చోవాలి. తుంటి మీద వేలాడే ప్యాంటు వేస్తే ఇందాక చెప్పిన చొక్కా త్రికోణం మళ్లీ ప్రత్యక్షమవుతుంది, ఎంత మంచి కోటు వేసుకున్నా సరే. కాళ్ల మధ్య కుట్టు నుంచి పట్టీ దాకా ఉండే ఎత్తును తర్వాత పెంచలేరు, అది కొనేటప్పుడే చూడాలి. ముందు ఒక ప్లీటు ఉంటే తొడల దగ్గర గుడ్డ కాస్త నిండుగా కనిపిస్తుంది. బాటమ్ మరీ సన్నం చేయించకండి. మీ ఎత్తుకు బూటు సైజు కూడా పెద్దదే అయ్యుంటుంది, పద్నాలుగు అంగుళాల బాటమ్ కింద అది ఇంకా పొడుగ్గా కనబడుతుంది. చుట్టుకొలత పదిహేను, పదహారు అంగుళాల మధ్య ఉంచండి. కింద బయటికి మడిచే అంచు నాలుగైదు సెంటీమీటర్లు పెట్టిస్తే కాళ్ల పొడవును కాస్త ఆపుతుంది, పైగా ఆ బరువుకు ప్యాంటు నిలువుగా పడుతుంది. దానికి గుడ్డ ఎక్కువ కావాలి కాబట్టి కాళ్ల అంచు కుట్టని ప్యాంటు అడగండి.

ఇక కుట్టించుకోవడం. దుకాణాలూ ఆన్‌లైనూ కలిపి రెండు మూడు వారాలు వెతికినా భుజాలు, పొడవు కలిసిన 38 లాంగ్ దొరకకపోతే అటే వెళ్లండి, ఆ తర్వాత వెతకడం కాలం వృథా. ఇందులో రెండు దార్లున్నాయి. ఒకటి, కంపెనీ దగ్గర ముందే ఉన్న నమూనాను మీ కొలతలకు సవరించి కుట్టే మేడ్ టు మెజర్. సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఇక్కడ అడగవలసిన ప్రశ్న ‘కొలతలు తీసుకుంటారా’ అని కాదు, అందరూ తీసుకుంటారు. ‘గుండీ చోటును కిందికి దించుతారా? వీపు గుండ్రదనానికి, వాలిన భుజానికి నమూనాలో సవరణ చేస్తారా?’ అని అడగండి. చేతులు, కింద అంచు మాత్రమే పొడిగించి ఇచ్చేవాళ్ల దగ్గర మీకు దొరికేది పొడుగు చేసిన రెగ్యులర్ కోటు. దాని నడుము మళ్లీ పక్కటెముకల మీదే ఉంటుంది.

రెండోది, మీ పేరు మీద విడిగా నమూనా గీసి కుట్టే టైలరు. చొక్కాలు అద్భుతంగా కుట్టేవాళ్లందరికీ కోటు రాదు. కోటు ముందు భాగం లోపల ఆకారం నిలబెట్టే కాన్వాస్ పొర ఉంటుంది. చవక పనిలో దాని బదులు జిగురు పొరను వేడితో అతికిస్తారు. అన్ని జిగురు పొరలూ చెడ్డవి కావు, కానీ నాసిరకంవి కొన్ని ఉతుకుల తర్వాత బుడగలు లేస్తాయి. సన్నని ఛాతీకి కొంత ఆకారం ఇచ్చేది ఆ కాన్వాసే కాబట్టి కనీసం ఛాతీ వరకైనా అది ఉండేలా అడగండి. టైలరు దగ్గర సగం కుట్టిన కోటు ఉంటే చూపించమనండి, పని తెలిసినవాడు సంతోషంగా చూపిస్తాడు. కచ్చా కుట్టుతో ట్రయల్ వేయకుండా నేరుగా పూర్తి కోటు ఇస్తానంటే మాత్రం నమస్కారం పెట్టి వచ్చేయండి. మీ ఒంటికి ఆ ట్రయల్ లేకుండా కుదరడం అదృష్టం మీద ఆధారపడిన పని. కొలతలిచ్చే రోజు జేబులు ఖాళీ చేసి, రెండు చేతులూ విడివిడిగా కొలవమనండి. ఒక భుజం ఇంకోదాని కంటే కిందికి ఉండటం చాలామందిలో ఉంటుంది, పొడుగువాళ్లలో అది బాగా తెలుస్తుంది.

భుజాల్లో దూది ఎంత వేయాలన్నది టైలరుతో మీకు వచ్చే మొదటి వాదన. సన్నగా ఉన్నారు కదా అని ఆయన దట్టంగా వేస్తానంటాడు. ఒప్పుకోకండి. సన్నని మెడ పక్కన భుజాలు చదునుగా, వెడల్పుగా లేస్తే మెడ ఇంకా సన్నగా కనిపిస్తుంది, హ్యాంగరు మాట మళ్లీ వినాల్సి వస్తుంది. మీ భుజం వాలును కాస్త సరిచేసేంత పల్చని పొర చాలు. నిండుదనం భుజాల్లోంచి కాకుండా గుడ్డలోంచి రావాలి.

గుడ్డ ఎంచుకునేటప్పుడు మరీ పల్చటిది వద్దు. మీటరుకు 200 గ్రాముల ఉన్ని చేతికి పట్టులా తగులుతుంది కానీ ఒంటికి అతుక్కుని ముడతలు పడుతుంది. 260 నుంచి 300 గ్రాముల మధ్యది నిలువుగా పడుతుంది. వేడి ప్రాంతంలో ఉంటే గట్టిగా మెలిపెట్టిన దారంతో వదులుగా నేసిన ఉన్ని అడగండి, బరువున్నా గాలి ఆడుతుంది. చలి ప్రాంతమైతే ఫ్లానెల్ మీకోసమే పుట్టింది, దాని మెత్తని నూగు ఒంటికి కాస్త నిండుదనం ఇస్తుంది. నిలువు చారలు పొడుగును పెంచుతాయి కాబట్టి వేసుకోకూడదని, గళ్లు వేసుకోవాలని మీకు చాలామంది చెబుతారు. అందులో నిజం లేకపోలేదు, కానీ సరిపోయే కోటు మీద చారలున్నా ఎవరూ మీ ఎత్తును లెక్కపెట్టరు. మొదటి సూటుకు గీతలూ గళ్లూ రెండూ అక్కర్లేదు. లాపెల్ మాత్రం మూడు అంగుళాలకు తగ్గకూడదు, మూడున్నర దాకా పరవాలేదు. రిబ్బను లాంటి లాపెల్ మీ ఛాతీ మీద తప్పిపోయినట్టు ఉంటుంది. రెండో సూటు కొనే రోజున డబుల్ బ్రెస్టెడ్ వేసి చూడండి. రెండు వరుసల గుండీలు, ఒకదాని మీద ఒకటి వచ్చే ముందు భాగం పొడుగ్గా సన్నగా ఉన్నవాళ్ల మీద నిలిచినట్టు మరెవరి మీదా నిలవవు.

కోటుకు ముందే చొక్కాలు కుట్టించుకోండి. చొక్కా చేతులు పొట్టిగా ఉంటే కోటు చేతులు ఎంత సరిగ్గా ఉన్నా వాటి కింద బట్ట కనిపించదు, తప్పు కోటు మీదికి వెళుతుంది. మెడ పొడుగైతే కాలరు పట్టీ కాస్త ఎత్తుగా పెట్టించండి. కాలరు కొనలు మరీ చిన్నవిగా వద్దు. టై మామూలుగా 57, 58 అంగుళాలు ఉంటుంది, దాని కొన నడుం పట్టీని తాకాలి. మీకది చాలకపోవచ్చు. అరవై దాటిన పొడుగు టైలు దొరుకుతాయి. లేదంటే పెద్ద విండ్సర్ ముడి మానేసి ఫోర్ ఇన్ హ్యాండ్ వేయండి, ముడిలోకి పోయే గుడ్డ తగ్గి కొన్ని అంగుళాలు మిగులుతాయి.

మూడు నెలలు చాలినంత సమయమే, వారం వారం వాయిదా వేయకపోతే. ఆల్టరేషన్‌కు ఇచ్చేటప్పుడు ఉద్యోగానికి వేసుకునే బూట్లు, కొత్త చొక్కా తొడుక్కుని వెళ్లండి. చెప్పులతో వెళ్లి ప్యాంటు పొడవు గుర్తు పెట్టిస్తే తర్వాత అంగుళం తేడా వస్తుంది.

రంగు ముదురు నీలం. నలుపు పగటి వెలుతురులో ఆఫీసులో మొద్దుగా కనిపిస్తుంది, గుడ్డలోని నేత, కుట్టులోని పనితనం దానిలో మునిగిపోతాయి. సాయంత్రపు వేడుకలకు తప్ప అది అంతగా కలిసిరాదు. నీలం కాకపోతే మధ్యస్థపు బూడిద రంగు. ఏది తీసుకున్నా ప్యాంట్లు మాత్రం రెండు తీసుకోండి. కోటు కంటే ప్యాంటే ముందు అరుగుతుంది, ఏడాది తర్వాత వెళితే అదే తానులో గుడ్డ దొరకదు.